చెవి మంచిదే, కప్పే పాడైంది

కుట్టు గది, కింది వాటా
సోమవారం మధ్యాహ్నం

ఒరేయ్ బిందే,

ఎలా ఉన్నావని అడగను. నీళ్ళు తాగుతూ ఉంటావు, లేకపోతే తాగిన నీళ్ళను సాగనంపడానికి వెళ్ళి ఉంటావు. యాభై మూడేళ్ళలో నీకు ఈ రెండూ కాక మూడో పని ఉన్నట్టు నాకు తెలియదు. తాళాలు బాగుచేయడం ఆ రెండింటి మధ్య సందులో చేసే పని కదా.

మనవడికి నాలుగు నెలలు నిండాయి. ఇవాళ పొద్దున వాడికి, మొదటి నెలలో నేను కుట్టిన చొక్కా తొడిగాను. సరిగ్గా సరిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను, కుట్టింది సరిపోయిందని భయపడటం ఇదే మొదటిసారి. మూడు నెలల కిందటి చొక్కా సరిపోకూడదురా. టేపు తీసి ఛాతీ కొలిచాను, చేతులు కొలిచాను. అప్పుడు పుస్తకంలో రాసుకున్న అంకెలే వచ్చాయి.

జలుబు లేదు, దగ్గు లేదు, ఊరికే ఒళ్ళు కాలిపోతుంది. తాగిన పాలు కక్కేస్తాడు. పాలసీసా చూపిస్తే మొహం తిప్పుకుంటాడు కానీ, ఎవరైనా గ్లాసెత్తి మంచినీళ్ళు తాగుతుంటే కళ్ళార్పకుండా చూస్తాడు. ఇక తడపడం సంగతి చెప్పక్కర్లేదు. నా దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలన్నీ వాడి కిందికే వెళ్ళిపోయాయి. నిన్న ఒక కస్టమరు వచ్చి తన చొక్కాలో మిగిలిన గుడ్డ ఏదని నిలదీశాడు. అది పెరట్లో తీగ మీద ఆరుతోంది.

అల్లుడిది ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం కదా, ఇప్పుడు ఇంట్లో కూడా అదే పని పెట్టాడు. తడిగుడ్డను వంటింటి త్రాసులో తూచి, పొడిగుడ్డ బరువు తీసేసి, పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. ఆ త్రాసులో ఇక ఉల్లిపాయ కూడా తూచనని వాళ్ళమ్మగారు, అదే, మా వియ్యపురాలు వదినగారు, ఒట్టు పెట్టుకున్నారు. అమ్మాయి మాత్రం నవ్వడం మానేసింది. పని నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా వాడి నుదురు పట్టుకుని చూస్తుంది.

రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. నీకు చిన్నప్పుడు ఇలా జ్వరాలు వచ్చేవా? నాకు గుర్తున్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఊరికే అడుగుతున్నాను.

అక్క


తాళాల షాపు, బస్సుల స్టాండు వెనక వీధి
గురువారం, రెండు బయటి పనుల మధ్య

అక్కా,

నాకు మూడో పని లేదన్నావు. ఉంది. నీ ఎత్తిపొడుపులకు జవాబు రాయడం.

ఉత్తరాలేమిటి, ఫోన్ కొనుక్కోవచ్చుగా అని నువ్వు ప్రతిసారీ అంటావు. రెండు కొన్నాను. రెండూ ఒకే చోట పడ్డాయి. ఎక్కడో అడగకు. పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయన తన ఫోన్ వాడుకోమంటాడు కానీ, అది మోగినప్పుడల్లా నేను లోపలే ఉంటాను. "మీ వాడు ఉన్నాడా?" అంటే "ఉన్నాడు, కానీ ఇప్పుడు లేడు" అని చెప్పి చెప్పి ఆయనకే విసుగొచ్చింది.

ఈ వారం షాపులో జరిగిన భాగోతం విను. ఒకావిడ వచ్చి "తాళం పోయిందండీ, తొందరగా రండి" అంది. కొత్త తాళాలు సంచిలో వేసుకుని మూడంతస్తులు ఎక్కాను. తలుపుకి తాళం దివ్యంగా వేలాడుతోంది. పోయింది చెవి. మర్నాడు ఒకాయన "తాళం పోయింది" అన్నాడు. ఈసారి తెలివిగా, చెవి చేయడానికి ఆకురాయి పట్టుకుని వెళ్ళాను. తాళం, దానితోపాటు సైకిలు, రెండూ పోయాయి. జనం కప్పనీ తాళమే అంటారు, చెవినీ తాళమే అంటారు. విసిగిపోయి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: "కప్పను కప్ప అనుడు. చెవిని చెవి అనుడు." అది చదివి ఒక పెద్దమనిషి, ఇక్కడ చెవుల డాక్టరు ఎన్నింటికి వస్తాడని అడిగాడు.

పైన బోర్డు మాత్రం పాతదే. "ఏడవ ఏట నుండి తాళములు తీయుచున్నవారు." అబద్ధం ఒక్క ముక్క లేదని నీకు తెలుసు. నేను పక్క తడుపుతున్నానని, చీకటి పడ్డాక నీళ్ళు తాగకుండా అమ్మ వంటింటికి తాళం వేయించేది. చెవి నీ నడుముకి కట్టేది. నేను నీ జడపిన్ను కొట్టేసి రోజూ ఆ కప్ప తీసి, కడుపు పగిలేలా తాగి, మళ్ళీ ఎలా ఉన్నది అలా తగిలించేవాణ్ణి. పన్నెండేళ్ళ కాపలాదారుకి అనుమానమైనా రాలేదు! ఆ కప్పను ఇప్పటికీ షాపులో గాజు పెట్టెలో ఉంచాను. వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి గానీ పని మొదలుపెట్టను.

జ్వరాలంటావా, వచ్చేవి. బుడ్డోడికి మేనమామ పోలిక వచ్చి ఉంటుంది. వాడి మేనమామ కాకపోతే వాళ్ళమ్మ మేనమామ. నీళ్ళు పట్టించు, సరిపోతుంది. డాక్టరు ఏమన్నాడో రాయి.

బిందె


పిల్లల ఆసుపత్రి వరండా, మూడో బెంచీ
ఆదివారం

తమ్ముడూ,

పరాచికాలు తర్వాత. వాణ్ణి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రక్తంలో ఉప్పు ఉండాల్సినదాని కంటే బాగా ఎక్కువగా ఉందట. ఒంట్లో నీళ్ళు నిలవడం లేదు కాబట్టి ఉప్పు మిగిలిపోతోందట.

ఇక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. ఓపిగ్గా చెప్పింది. మెదడులోంచి ఒక హార్మోను బయలుదేరి మూత్రపిండాల దగ్గరికి వెళ్ళి, "నీళ్ళు వదిలేయకు, పట్టి ఉంచు" అని చెబుతుందట. మనవాడి విషయంలో ఆ కబురు అందడం లేదు. ఆ హార్మోనే తక్కువై ఉండాలి, లేదా వచ్చిన హార్మోనును అందుకునే గ్రాహకం చెడిపోయి ఉండాలి. ఏది అన్నది తేల్చడానికి జన్యు పరీక్షకు రక్తం పంపారు. గ్రాహకం అనగానే వదినగారు చేతులు జోడించి "ఏ గ్రహమండీ?" అన్నారు. డాక్టరమ్మ ఒక నిట్టూర్పు విడిచి, ఆ మాట వదిలేసి, తాళం, తాళంచెవి అని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. నేను అన్నిటికీ తల ఊపాను. రెండూ తాళాలే కదా.

ఫలితం వచ్చేదాకా చూద్దామని ముక్కులో వేసే చుక్కలు ఇచ్చారు. అది ఆ హార్మోను లాంటిదేనట. రేపు ఇంటికి పంపుతారు. చుక్కలు వేసినన్నాళ్ళూ నీళ్ళు కొలిచే ఇవ్వాలి, ఇష్టం వచ్చినట్టు పట్టించకూడదు. నాలుగు రోజుల్లో తడపడం తగ్గాలి. తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇంకో సంగతి. డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీస్తూ, "అమ్మ వైపు మగవాళ్ళలో విపరీతంగా నీళ్ళు తాగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. అమ్మాయి నా వైపు చూసింది. వదినగారు కూడా చూశారు.

లేరన్నాను.

ఎందుకన్నానో అడగకు. నోటికి అదే వచ్చింది.

అక్క


తాళాల షాపు
బుధవారం

పూజ్యులైన అక్కగారి సన్నిధికి, తమ వంశంలో లేనివాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తాము పంపిన లేఖ అందినది. అందులో తమ తమ్ముడు లేడని తెలిసి మిక్కిలి విచారించితిని. మంచివాడు. కాస్త నీళ్ళు ఎక్కువ తాగేవాడు. వాడి ఆత్మ ఎక్కడున్నా దానికి దగ్గరలో కుళాయి ఉండాలని కోరుచున్నాను.

అక్కా, ఇలా రాయడం నావల్ల కావడం లేదు. సగం పేజీకే చెయ్యి లాగేస్తోంది. మామూలుగానే రాస్తాను. నాకు కష్టమేసింది.

నలుగురిలో నన్ను చెప్పుకోలేకపోవడం నాకు కొత్త కాదు. బడిలో మాస్టారు నన్ను తలుపు దగ్గరే కూర్చోబెట్టేవాడు, లేచి వెళ్ళినప్పుడల్లా క్లాసంతా లెక్కపెట్టేది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక కాంపౌండరు నా రాకపోకలు చూసి, పరీక్షా లేదు పాడూ లేదు, "నీకు షుగర్" అని తేల్చాడు. ఆ రోజు నుంచి టీలో చక్కెర మానేశాను, మిఠాయి దుకాణం ముందు తల వంచుకుని నడుస్తున్నాను. మేనకోడలి పెళ్ళికి రాలేదని నువ్వు ఏడాది పాటు ఉత్తరం రాయలేదు. ఎవరిదో బీరువా తెరుచుకోక చిక్కుకుపోయానని చెప్పాను. బీరువా లేదు, చిక్కూ లేదు. మీ ఊరి బస్సు ఐదు గంటలు ఎక్కడా ఆగదు. టికెట్ కొని, సంచి పట్టుకుని, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి దిగిపోయాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. డాక్టరమ్మ ఊరికే అడగదు. తాళం తీయలేనప్పుడు నేనూ ఇంటివాళ్ళను అడుగుతాను, దీన్ని ముందు ఎవరైనా తీశారా, ఎలా తిరిగేది అని. వెళ్ళి నా గురించి చెప్పు. కావాలంటే బిందె అనే చెప్పు. వాడికి పనికొస్తే నా పరువు పోయినా నాకు పరవాలేదు.

నీ తమ్ముడు (ఉన్నాడు)


కుట్టు గది
శనివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మిషను మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వదినగారు వచ్చి, సూది గుచ్చుకుందా అని అడిగారు. అవునన్నాను. నీ గురించి డాక్టరమ్మకు చెబుతాను, గురువారం తప్పకుండా చెబుతాను.

గురువారం ఎందుకంటే పరీక్ష ఫలితం వచ్చింది. ఆసుపత్రి నుంచి చీటీ పంపారు. మనకు అర్థమయ్యేలా రాయమని డాక్టరమ్మే చెప్పిందట, చక్కటి దస్తూరి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తాళములో మార్పు కనబడినది. పూర్తి వివరములకు గురువారము రావలెను."

ఇంటిల్లిపాదీ కూర్చుని దాని మీద చర్చ చేశాం. వదినగారు నడుముకున్న గుత్తి తీసి బల్ల మీద పెట్టి, "ఇవి తాళాలు కాక మరేమిటి? అంటే ఆ హార్మోనే సరిగ్గా లేదన్నమాట" అన్నారు. అల్లుడూ అదే అన్నాడు. అమ్మాయి ఒక్కతే "ఫోన్ చేసి అడుగుదామా?" అంది కానీ, అందరం కలిసి దాని నోరు మూయించాం. పాత తాళం పాడైతే కొత్త తాళం చుక్కల్లో వేస్తూనే ఉన్నాం కదా, ఇంక భయం దేనికి?

అల్లుడి పుస్తకంలో మాత్రం అంకెలు దిగడం లేదు. చుక్కలు మొదలుపెట్టి ఐదు రోజులైనా గుడ్డ బరువు అంతే ఉంది. త్రాసు పాడైందని కొత్తది తెచ్చాడు. కొత్త త్రాసూ అదే మాట చెబుతోంది. నాలుగు రోజుల్లో తగ్గకపోతే రమ్మన్నారు, నిజమే. కానీ చీటీ వచ్చింది కదా, గురువారం ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఊరుకున్నాం. నీళ్ళు మాత్రం చెప్పిన కొలత దాటనివ్వడం లేదు, నేనే దగ్గరుండి చూస్తున్నాను.

వాడు ఇప్పుడు పెద్దగా ఏడవడం లేదు. ఎక్కువసేపు పడుకునే ఉంటున్నాడు. పెదవులు ఎండిపోతే తడిగుడ్డతో అద్దుతున్నాను. ఆ గుడ్డను చప్పరించి వదలడు.

అక్క


గడియారాల కొట్టు నుంచి
సోమవారం

అక్కా,

మీ ఇంటికి ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. చెప్పాల్సింది గబగబా చెప్పాను, ఆమె "ఆఁ? ఆఁ?" అంటోంది, ఇంతలో నాకు పరిగెత్తాల్సి వచ్చింది. తిరిగొచ్చి నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మీ ఊళ్ళో దిగగానే ఇంటికి తెచ్చిస్తానన్నాడు.

చీటీలో తాళం అంటే కప్ప, అంటే ఆ గ్రాహకం. చెవి కాదు. కొత్త చెవి పెట్టి ఐదు రోజులు తిప్పినా తిరగలేదంటే పాడైంది చెవి ఎలా అవుతుంది? నా దగ్గరికి రోజూ ఇలాంటివాళ్ళు వస్తారు, చెవి మీద చెవి చేయించుకుని. కప్ప లోపల ఒంగిపోయి ఉంటే బంగారు చెవి పెట్టినా తిరగదు. చుక్కలతో వాడి ఒంట్లో నీళ్ళు నిలవడం లేదు, మీరేమో నిలుస్తున్నాయనుకుని పైనుంచి ఆపేశారు.

నీళ్ళు పట్టు. ఇప్పుడే పట్టు. పట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళు. గురువారం దాకా ఆగకు.

దాహం వేసి నీళ్ళు దొరకకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనైతే గోడ పట్టుకునైనా నడిచి వెళ్ళగలిగాను. వాడికి బోర్లా పడటం కూడా రాదు.

తమ్ముడు


పిల్లల ఆసుపత్రి, కిటికీ పక్క మంచం
శుక్రవారం

ఒరేయ్ బిందే,

ముందు అసలు మాట. బుడ్డోడు బాగున్నాడు. జ్వరం లేదు. నిన్న నా ముక్కు పట్టుకుని వదల్లేదు, కళ్ళజోడు కూడా లాగేశాడు.

ఇక సోమవారం సంగతి. నేను మేడ మీద గుడ్డలు ఆరేస్తున్నాను. వదినగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "ఎవరో పిచ్చివాడు ఫోన్ చేశాడమ్మా. కప్ప పాడైంది, చెవి మంచిదే, ముక్కులో వేయకండి, నీళ్ళు పట్టండి, నీళ్ళు పట్టండి అని అరిచి పెట్టేశాడు. కప్పలు పెంచేవాడేమో, నంబరు తప్పయి ఉంటుంది" అన్నారు.

కప్పను కప్ప అని, చెవిని చెవి అని పిలిచేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. చేతిలో గుడ్డ అక్కడే పడేసి కిందికి పరిగెత్తాను. చెంచాతో నీళ్ళు పెట్టాను. చెంచా వదలడే! రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడు తాగుతుంటే నేను ఏడుస్తున్నాను, నన్ను చూసి వదినగారు ఏడుస్తున్నారు, ఎందుకో ఆమెకు తెలియదు. అమ్మాయికి కబురు పెట్టి, ఉన్నపళంగా ఆటో ఎక్కి ఇక్కడికి వచ్చి పడ్డాం. నీ డ్రైవరు వచ్చేసరికి ఇంటికి తాళం. ఇక్కడ తాళం అంటే కప్ప. ఉత్తరం తలుపు సందులోంచి లోపలికి తోసి వెళ్ళాడు.

ఉప్పు ప్రమాదం అంచు దాకా వెళ్ళిందట. గురువారం దాకా ఆగి ఉంటే మెదడుకు దెబ్బ తగిలేదేమో అని డాక్టరమ్మ చెప్పింది. చీటీలో తాళం అని ఊరుకున్నందుకు ఆమె చాలా నొచ్చుకుంది. ఇకనుంచి గ్రాహకం అనే రాయిస్తుందట, గ్రహం అనుకున్నా సరేనట.

నీ గురించి చెప్పాను. బడి, బస్సు మెట్టు, గడియారాలాయన ఫోన్, అన్నీ చెప్పాను. ఆమె కలం పడేసి నవ్వింది, తర్వాత మన వంశవృక్షం గీసిన ఆ కాగితం మీద నీకొక చదరం గీసి, ఈ జబ్బున్న మగవాడని గుర్తుగా నల్లగా నింపింది. మన ఒంట్లో ప్రతి భాగం ఎలా తయారవ్వాలో ఒక రాత ఉంటుందట. ఆ కప్పను తయారుచేసే రాతలో మనకు ఒక్క అక్షరం తప్పు పడింది. ఆడవాళ్ళకు ఆ రాత జతగా ఉంటుంది, ఒకటి తప్పయినా రెండోది పని నడిపిస్తుంది. మగపిల్లలకు ఒంటిగానే ఉంటుంది. అమ్మ నుంచి నీకూ నాకూ, నా నుంచి అమ్మాయికి, దాని నుంచి వీడికి వచ్చింది. మేనమామ పోలిక అని నువ్వు ఎగతాళికి రాశావు చూడు, అది నిజమేరా. డాక్టరమ్మ ఆ ముక్క తన పుస్తకంలో రాసుకుంది.

మందు వింటే నవ్వుతావు. మూత్రం ఎక్కువ పోయించే మాత్ర ఒకటుంది, అది ఇస్తే వీడికి తగ్గుతుందట. అల్లుడు ఆ మాట విని పుస్తకం మూసి, బయటికి వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చాడు. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు ఎప్పుడంటే అప్పుడు అందాలి. కప్పను బాగుచేసే మందు మాత్రం ఇంకా లేదు. నీక్కూడా ఇదే అయి ఉంటుందని, షుగర్ ఉండకపోవచ్చని, ఒక్క రక్త పరీక్ష చేయించుకోమని చెప్పమంది.

ఇప్పుడు నేను ఎందుకు లేరన్నానో చెబుతాను. పరువు కోసం అనుకున్నావు. అదీ కొంత ఉంది. కానీ నువ్వు ఉన్నావంటే, చిన్నప్పుడు ఏం చేసేవారు అని ఆమె అడుగుతుందనిపించింది. వంటింటి తాళం సంగతి చెప్పాల్సి వస్తుందనిపించింది.

మొదటి వారం నిజంగానే వేశాను. అమ్మ చెప్పింది, నేను వేశాను. ఒకరోజు పెరట్లో బట్టలు నానబెట్టిన బకెట్‌లో నువ్వు మొహం పెట్టి తాగుతున్నావు. నీకది గుర్తు లేదు, నీ కథలో అది ఎప్పుడూ రాదు. నాకు మాత్రం ఇప్పటికీ సబ్బు వాసన వస్తే అదే కనిపిస్తుంది. ఆ రోజు నుంచి నేను కప్పను గొళ్ళానికి తగిలించేదాన్ని అంతే. చెవి తిప్పేదాన్ని కాదు. అమ్మ దూరం నుంచి చూస్తే తాళం వేసినట్టే ఉండేది. నా పిన్నును కూడా నీకు కనబడేలా గడప మీద పెట్టేదాన్ని, ఊరికే తెరుచుకుంటే నీకు అనుమానం వస్తుందని.

నువ్వు తీసినవేవీ తాళాలు కావురా. నీ బోర్డు చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. కస్టమర్లతో అంత గొప్పగా చెబుతుంటే నోరు రాలేదు.

అక్క


తాళాల షాపు
మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం ఉదయం పదింటికి వచ్చింది. పదీ పదికి షాపు తలుపు దగ్గరగా వేసి, గాజు పెట్టె తెరిచి, ఆ కప్పను బయటికి తీశాను. అమ్మ పెట్టెలో దొరికిన చెవితో దాన్ని మొదటిసారి సరిగ్గా వేశాను. తర్వాత దాని పక్కనే దాచిన నీ జడపిన్ను తీసుకున్నాను.

మధ్యాహ్నం రెండయింది. రాలేదు.

వంచి చూశాను, చదును చేసి చూశాను, నూనె పోసి చూశాను. లోపల ఆరు పలకలున్నాయి, ఆరూ ఒకేసారి సరిగ్గా లేస్తే తప్ప తెరుచుకోదు. ఏడేళ్ళవాడు కాదు కదా, నేనే ఇవాళ జడపిన్నుతో దాన్ని తీయలేను. ముప్ఫై ఏళ్ళు కళ్ళ ముందే ఉంది. ఒక్కసారి కూడా వేసి చూడాలని తోచలేదు. గడియారాలాయన వచ్చి, ఏమిటి సంగతి అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ కంటికున్న భూతద్దం టీలో పడేసుకున్నాడు.

బోర్డు రాసేవాణ్ణి పిలిచాను. ఏం మార్చాలన్నాడు. "అక్క వేయని తాళములు తీసినవారు" అని రాయమన్నాను. అలా రాస్తే కస్టమర్లు రారని వాడు నాకు గంట సేపు బుద్ధి చెప్పాడు. చివరికి పాతదే ఉంచాం. నీకూ నాకూ తెలిస్తే చాలు.

సబ్బు బకెట్ నాకు నిజంగానే గుర్తు లేదు. నాకు గుర్తున్నదల్లా, ఎంత గట్టి తాళమైనా నా చేతిలో పడితే తెరుచుకుంటుందని. ఆ ధైర్యంతోనే ఈ షాపు పెట్టాను, ఇన్నేళ్ళు బతికాను. అది నువ్వు పెట్టిన పిన్నే అని తెలిసి పొద్దున కాసేపు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

రక్త పరీక్ష అయింది. షుగర్ లేదు. చీటీ జేబులో పెట్టుకుని నేరుగా మిఠాయి దుకాణానికి వెళ్ళాను. ఎంత తిన్నానో రాయను, పక్కన నిలబడ్డ చిన్నపిల్లలు లెక్కపెట్టారు.

ఆదివారం వస్తున్నాను. ఒక్క బస్సులో కాదు, ఆరు బస్సుల్లో. ప్రతి స్టాండులో దిగి, పని చూసుకుని, నీళ్ళు నింపుకుని, తర్వాతి బస్సు ఎక్కుతాను. తెల్లారి బయలుదేరితే సాయంత్రానికి చేరతాను. పనిముట్లు తెస్తున్నాను. మీ వంటింటి తలుపుకున్న గొళ్ళెం ఊడదీసి, ఆ చిల్లులు మూసి గానీ కాఫీ ముట్టను. బుడ్డోడు రేపు పాకడం మొదలుపెడితే నీళ్ళకు అడ్డం ఏదీ ఉండకూడదు. వదినగారికి ముందే చెప్పు, లేకపోతే కప్పల పిచ్చివాడు తలుపులు పీకుతున్నాడని పోలీసులను పిలుస్తారు.

నేను వచ్చేసరికి మీరు పక్కింటికి వెళ్ళి ఉన్నా పరవాలేదు. వీధి తలుపుకి తాళం మాత్రం నువ్వే వెయ్యి. నువ్వు వేస్తే నాకు తీయడం వచ్చు.

బిందె